ఒకే బాకీకి మూడు నోట్లు: కూపర్ కప్ మీద నా 2017 రిపోర్టు

2017 ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఒక కాలేజీ కుర్రాడి మీద, వైడ్ రిసీవర్ మీద, నాలుగు పేజీల రిపోర్టు రాసి, చివర్న "నాలుగో రౌండ్" అని గ్రేడ్ వేశాను. ఆ కుర్రాడి పేరు కూపర్ కప్. అయిదేళ్లు తిరక్కుండానే అతను సూపర్ బౌల్ ఎంవీపీ, అంటే లీగ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడు అయ్యాడు. గ్రేడ్ తప్పడం ఈ పనిలో వింతేమీ కాదు. అతని పేరు పిలిచేలోపు ఎన్ఎఫ్ఎల్ (అమెరికాలో ఈ ఆటకు ప్రొఫెషనల్ లీగ్) జట్లన్నీ కలిసి 68 మందిని తీసుకున్నాయి, అంటే పెద్ద పెద్ద జీతాలు తీసుకునే స్కౌట్లు కూడా నా పక్కనే నిలబడ్డట్టే. కానీ నా రిపోర్టులో తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. కనిపెట్టాక, రాసే పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. ఈ కేసు రాస్తున్నది అందుకే.

ముందు నా పని గురించి రెండు ముక్కలు. నేను సియాటిల్ దగ్గర ఉంటాను. ఆటగాళ్ల ఏజెంట్లకు రిపోర్టులు రాసే చిన్న ఆఫీసు మాది, మొత్తం నలుగురం. "మా కుర్రాడు ఏ రౌండ్‌లో పోతాడు, ఎందుకు" అన్నది ఏజెంటు అడిగే ప్రశ్న. ఫిల్మ్ చూడటం, అంకెలు లెక్కగట్టడం, ఒక గ్రేడ్ ఇచ్చి దాన్ని సమర్థించుకోవడం మా పని. మాలో ముగ్గురికి కాలేజీలో ఫుట్‌బాల్ ఆడిన అనుభవం ఉంది. నాకు లేదు. నేను కబడ్డీ ఆడాను, డేటా అనలిస్టుగా ఇక్కడికొచ్చి ఇందులో పడ్డాను. స్పోర్ట్స్ అనలిటిక్స్ చదువుతున్న మన పిల్లలు ఈ మధ్య చాలామంది "ఒక కేసు మొదట్నుంచి చివరిదాకా చెప్పండి" అని అడుగుతున్నారు. మా బావమరిది మరో కారణం. ఆ సంగతి తర్వాత.

ఆట తెలియనివాళ్ల కోసం: ప్రతి ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. 32 జట్లు, ఏడు రౌండ్లు. 2017లో మొత్తం 253 మందిని తీసుకున్నారు. మొదటి రౌండ్‌లో పోయినవాడికి డబ్బే కాదు, ఓపిక కూడా దొరుకుతుంది: రెండేళ్లు సరిగ్గా ఆడకపోయినా జట్టు భరిస్తుంది. నాలుగో రౌండ్ వాడికి ఆ సదుపాయం ఉండదు. వైడ్ రిసీవర్ అంటే క్వార్టర్‌బ్యాక్ విసిరే బంతిని పట్టేవాడు. అతన్ని అంటిపెట్టుకుని ఉండి అడ్డుకునేవాడు కార్నర్‌బ్యాక్. ఈ ఇద్దరి మధ్య ఎంత ఎడం ఏర్పడుతుందన్నదే నా ఉద్యోగమంతా.

యాకిమా కుర్రాడు

కప్ ఊరు వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా. తాత జేక్ కప్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కు గార్డ్‌గా ఆడాడు. తండ్రి క్రెయిగ్ క్వార్టర్‌బ్యాక్, 1990లో న్యూయార్క్ జెయింట్స్ అయిదో రౌండ్‌లో తీసుకుంది. ఇంత వంశం ఉన్నా హైస్కూల్ అయ్యేసరికి పెద్ద కాలేజీ ఒక్కటీ స్కాలర్‌షిప్ ఇస్తానని రాలేదు. బక్కగా ఉండేవాడు, వేగం అంతంత మాత్రం. చివరికి స్పొకేన్ పక్కన చీనీ అనే చిన్న ఊళ్లో ఉన్న ఈస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరాడు. మైదానంలో గడ్డి ఎర్రగా ఉండేది ఆ కాలేజీలోనే. టీవీలో మొదటిసారి చూస్తే సెట్టింగులు చెడిపోయాయేమో అనుకుంటాం.

అది ఎఫ్‌సీఎస్ కాలేజీ, అంటే డివిజన్ వన్‌లో కింది మెట్టు. అప్పట్లో పై మెట్టు జట్లకు 85 స్కాలర్‌షిప్పులుంటే వీళ్లకు 63. మన లెక్కలో చెప్పాలంటే రంజీలో ప్లేట్ గ్రూప్. ప్లేట్‌లో ట్రిపుల్ సెంచరీ కొట్టినవాణ్ని చూసి సెలెక్టరు ఏమంటాడో మనకు తెలిసిందే: "బౌలర్లెవరు?"

మొదటి ఏడాది ఆడకుండా జట్టుతో ఉన్నాడు. తర్వాత 2013 నుంచి 2016 దాకా నాలుగు సీజన్లు ఆడి 428 క్యాచ్‌లు, 6,464 గజాలు, 73 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) సాధించాడు. గజాల లెక్కలో కాలేజీ ఫుట్‌బాల్ డివిజన్లన్నిటిలోనూ అదే రికార్డు. ఏడాదివారీగా చూస్తే ఇంకా వింత: 1,691, 1,431, 1,642, 1,700. ఒక్క ఏడాదీ 1,400కు తగ్గలేదు. 2015లో ఎఫ్‌సీఎస్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే వాల్టర్ పేటన్ అవార్డు వచ్చింది.

ఇవన్నీ మొదటి పేజీలో రాశాను. రెండో పేజీ నుంచి కోతలు మొదలుపెట్టాను.

మూడు నోట్లు

మొదటి కోత, స్థాయి. ఈస్టర్న్ వాషింగ్టన్ ఆడే బిగ్ స్కై కాన్ఫరెన్స్‌లో ఎదురుగా నిలబడే కార్నర్లలో ఎన్ఎఫ్ఎల్ దాకా వెళ్లేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు. వాళ్ల మీద ఎడం సంపాదించడం గొప్పేమీ కాదని రాశాను. ఒక రౌండ్ తగ్గించాను.

రెండోది, వేగం. ఇండియానాపొలిస్ కంబైన్‌లో, అంటే డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ల ఒంటి సత్తా కొలిచే పరీక్షల్లో, కప్ 40 గజాలు 4.62 సెకన్లలో పరిగెత్తాడు. అదే వారం అదే ట్రాక్ మీద వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాడు జాన్ రాస్ 4.22లో పరిగెత్తి అప్పటి రికార్డు బద్దలు కొట్టాడు. ఇద్దరినీ పక్కపక్కన పరిగెత్తిస్తే గీత దగ్గర దాదాపు నాలుగు గజాల తేడా వస్తుంది. ఇంకో అర రౌండ్ తగ్గించాను.

మూడోది, వయసు. డ్రాఫ్ట్ తర్వాత జూన్‌లో కప్‌కు 24 నిండుతాయి. మా పనిలో వయసుకు చాలా విలువ ఇస్తాం. 19 ఏళ్లకే పెద్దవాళ్ల మధ్య దుమ్ము లేపినవాడు ఇంకా ఎదుగుతాడని లెక్క. 23 ఏళ్లవాడు 19 ఏళ్లవాళ్ల మీద ఆడేస్తే, అది ఒంట్లో వచ్చిన ముదురుతనం కావచ్చు. ఇంకో అర రౌండ్.

మూడూ విడివిడిగా చూస్తే సబబే. ఈ రోజుకీ వాటిలో ఏ ఒక్కదాన్నీ కొట్టిపారేయను. కానీ ప్రతిదాని కింద ఉన్న అసలు భయం ఏమిటని అడిగితే? స్థాయి అంటే "ఎన్ఎఫ్ఎల్ కార్నర్ల మీద ఎడం రాదేమో." వేగం అంటే "ఎన్ఎఫ్ఎల్ కార్నర్ల మీద ఎడం రాదేమో." వయసు అంటే "ఇప్పుడు కనిపిస్తున్న ఎడం అక్కడ రాదేమో." ఒకే భయం. ఒకే బాకీకి మూడు ప్రామిసరీ నోట్లు రాయించుకుని, మూడింటి మీదా వడ్డీతో సహా వసూలు చేశాను.

ఇది అప్పుడు నాకు కనిపించలేదు. ఫారంలో మూడు గడులున్నాయి, మూడు గడులూ నింపాను. గడులు వేరుగా ఉన్నాయి కాబట్టి కారణాలూ వేరనుకున్నాను.

ఆ ఏడాది నా చేతిలోనే ఉన్న మరో రిపోర్టు పక్కన పెట్టుకుని ఉంటే అప్పుడే దొరికేది. వెస్టర్న్ మిషిగన్ రిసీవర్ కోరీ డేవిస్. అతనిదీ పెద్ద కాన్ఫరెన్స్ కాదు. చీలమండ గాయం వల్ల కంబైన్‌లో పరిగెత్తనే లేదు. వయసు 22. పరుగు టైము లేదు కాబట్టి వేగం గడి ఖాళీ, వయసు గడిలో అభ్యంతరం లేదు. ఒక్క స్థాయి గడిలోనే కోత పడింది. డేవిస్ మంచి ఆటగాడే, దాన్నేమీ అనను. కానీ పరిగెత్తనివాడి మీద ఒక నోటు, పరిగెత్తినవాడి మీద మూడు! పరిగెత్తడమే కప్ చేసిన పాపమైంది.

ఫిల్మ్‌లో ఏముంది

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ కేసులో సరుకంతా ఇక్కడే ఉంది.

రిసీవర్ పరుగును రూట్ అంటారు. దాన్ని మూడు ముక్కలుగా చూస్తాం. ఆట మొదలయ్యే గీత దగ్గర ఎదుటివాడి చేతులకు చిక్కకుండా బయల్దేరడం రిలీజ్. తర్వాత తిన్నగా పరిగెత్తే భాగం స్టెమ్. ఆపైన మలుపు, బ్రేక్. టీవీలో మనకు క్యాచ్ కనిపిస్తుంది. మేం డబ్బు తీసుకునేది మాత్రం క్యాచ్‌కు ముందు రెండు సెకన్లకు.

కబడ్డీ ఆడినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మంచి రైడర్ కాలు చాపే ముందు భుజం కదలదు. చాపుతాడో చాపడో తెలియక డిఫెండర్ మడమల మీదికి బరువు వేస్తాడు, అంతే, వాడి పని అయిపోయినట్టే. కప్ స్టెమ్ సరిగ్గా అలాంటిది. లోపలికి తిరిగే రూటైనా, బయటికి తిరిగేదైనా, తిన్నగా పోయేదైనా మొదటి పది గజాలు ఒకేలా కనిపిస్తాయి. తల ఎత్తు మారదు, చేతుల ఊపు మారదు. మామూలు కాలేజీ రిసీవర్ తిరగబోయే ముందు నడుం కాస్త లేపుతాడు, అడుగులు కుదిస్తాడు, కార్నర్‌కు కబురు పెట్టినట్టే. ఇతను పెట్టడు. పైగా వేగం మారుస్తాడు. మూడొంతుల వేగంతో పోతూ, కార్నర్ దానికి అలవాటుపడ్డాక ఒక్కసారి పెంచుతాడు. 4.62 మనిషి 4.5లా కనిపించేది అక్కడే.

రెండోది, జోన్ డిఫెన్స్ చదవడం. డిఫెండర్లు మనుషుల్ని కాకుండా చోట్లను కాపలా కాస్తే, రిసీవర్ పరుగు ఆపి ఖాళీలో నిలబడాలి. ఆ ఖాళీ ఎక్కడుందో క్వార్టర్‌బ్యాక్, రిసీవర్ ఇద్దరూ ఒకే క్షణంలో ఒకేలా అనుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ కొడుకు కదా, ఇది ఇంట్లో నేర్చుకున్న విద్యలా కనిపించింది. "చాలా బాగుంది" అని రాశాను కూడా.

కంబైన్‌లో కూడా దీనికి సాక్ష్యం ఉంది. ఎల్ ఆకారంలో అయిదేసి గజాల దూరంలో పెట్టిన మూడు కోన్ల చుట్టూ తిరిగే పరుగును కప్ 6.75లో ముగించాడు. అటూ ఇటూ తిరిగే 20 గజాల షటిల్ 4.08. రెండూ ఆ ఏడాది రిసీవర్లలో ముందు వరసలో ఉన్న టైములు. ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి ఉండేది సగటున రెండున్నర సెకన్ల పైచిలుకు. ఆ టైములో రిసీవర్ మహా అయితే 20 గజాలు పోతాడు, మధ్యలో మలుపుంటే ఇంకా తక్కువ. అంటే 40 గజాల పరుగులో రెండో సగం మ్యాచ్‌లో ఎప్పుడో గాని పనికిరాదు. మలుపు మాత్రం ప్రతి బంతికీ పనికొస్తుంది. ఈ వాక్యం నా రిపోర్టులో లేదు. 4.62 పెద్దక్షరాల్లో ఉంది, 6.75 పట్టికలో ఎక్కడో ఉంది.

మంచి మాత్రమే చూశానని కాదు. రిలీజ్ విషయంలో నిజమైన సమస్య ఉంది. గీత దగ్గరే ఛాతీ మీద చెయ్యి వేసి ఆపే ప్రెస్ కవరేజ్ అతనికి చాలా తక్కువగా ఎదురైంది. చాలాసార్లు స్లాట్‌లో, అంటే లోపలి వైపు, వెనక్కి జరిగి నిలబడ్డ డిఫెండర్ ముందు బయల్దేరాడు. ఇంకో చిక్కు హ్యాష్ గీతలు, అంటే ఆట మొదలుపెట్టేటప్పుడు బంతిని ఏ అంచు దాకా పెట్టొచ్చో చూపే రెండు గీతలు. కాలేజీలో ఈ రెండు గీతల మధ్య 40 అడుగులుంటాయి, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతి ఒక అంచు నుంచి మొదలైతే కాలేజీలో రెండోవైపు పొలమంత ఖాళీ ఉంటుంది. అక్కడ ఎడం సంపాదించడం తేలిక. చూసేవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

నాలుగు మ్యాచ్‌లు

చిన్న కాలేజీలు డబ్బు కోసం ఏడాదికోసారి పెద్ద కాలేజీ మైదానానికి వెళ్లి దెబ్బలు తిని వస్తాయి. కప్ ఆడిన నాలుగేళ్లలోనూ ఈస్టర్న్ వాషింగ్టన్ పెద్ద కాలేజీల కాన్ఫరెన్స్ పాక్-12లోని ఒక జట్టు దగ్గరికి వెళ్లింది.

2013, ఆరెగాన్ స్టేట్: అదే అతని మొదటి కాలేజీ మ్యాచ్. 5 క్యాచ్‌లు, 119 గజాలు, 2 టచ్‌డౌన్లు. చిన్న జట్టు 49–46తో గెలిచింది.

2014, వాషింగ్టన్: 8 క్యాచ్‌లు, 145 గజాలు, 3 టచ్‌డౌన్లు. 59–52తో ఓడారు. ఎదుటి జట్టులో మార్కస్ పీటర్స్ ఉన్నాడు, మర్నాటి ఏడు మొదటి రౌండ్‌లో పోయిన కార్నర్.

2015, ఆరెగాన్: 15 క్యాచ్‌లు, 246 గజాలు, 3 టచ్‌డౌన్లు. 61–42తో ఓడారు.

2016, వాషింగ్టన్ స్టేట్: 12 క్యాచ్‌లు, 206 గజాలు, 3 టచ్‌డౌన్లు. 45–42తో గెలిచారు.

కూడితే 40 క్యాచ్‌లు, 716 గజాలు, 11 టచ్‌డౌన్లు.

"బౌలర్లెవరు?" అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు ఉంటుందా? నా భయమంతా పెద్ద కార్నర్ల మీద ఎడం గురించి. దాన్ని నేరుగా పరీక్షించిన మ్యాచ్‌లు నాలుగు ఉన్నాయి, నాలుగూ చూశాను. వాటిని రిపోర్టు మూడో పేజీ అడుగున "ఇతర అంశాలు" కింద రెండు వాక్యాల్లో పెట్టాను.

ఎందుకలా అంటే, అప్పుడు నా దగ్గర కారణాలున్నాయి. నాలుగు మ్యాచ్‌లంటే చిన్న శాంపిల్. 2015 ఆరెగాన్ డిఫెన్స్ బలహీనం. ప్రతి స్నాప్‌లోనూ, అంటే బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ, కప్ ఎదురుగా ఉన్నది పీటర్స్ కాదు. సీజన్ మొదటి వారాల్లో పెద్ద జట్లు చిన్న జట్ల కోసం పెద్దగా తయారవ్వవు. నాలుగూ నిజాలే. కానీ 4.62 అన్నది కూడా ఒక్క రోజు చేసిన పరుగే కదా! దాన్నెందుకు చిన్న శాంపిల్ అనలేదు? అంకె స్టాప్‌వాచ్ మీద వస్తే నమ్ముతాం, మైదానం మీద వస్తే సాకులు వెతుకుతాం. డేటా నుంచి వచ్చిన నాకు ఈ జబ్బు మరీ ఎక్కువ.

2015 మ్యాచ్‌లో ఇంకో సంగతి ఉంది. కప్‌కు అంతకుముందు రెండేళ్లు బంతులు విసిరిన వెర్నన్ ఆడమ్స్ ఆ ఏడాదే ఆరెగాన్‌కు మారాడు. ఆ రోజు ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ అతనే. కప్‌కు కొత్తగా జోర్డన్ వెస్ట్ విసిరాడు. 2016లో గేజ్ గుబ్రుడ్. ముగ్గురు క్వార్టర్‌బ్యాకులు మారినా గజాలు తగ్గలేదు. "ఇదంతా క్వార్టర్‌బ్యాక్ గొప్పేమో" అన్న అనుమానానికి అంతకన్నా మంచి ప్రయోగం ఎవరూ కావాలని కట్టినా కుదరదు. దాన్ని నేను ఒక్క ముక్క కూడా రాయలేదు. చూడలేదు, అంతే.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు. ముప్ఫై ఏళ్లు కాలేజీల్లో రిసీవర్లకు కోచింగ్ ఇచ్చి వచ్చినవాడు. నా రిపోర్టు చదివి ఒకే ప్రశ్న అడిగాడు, ఆ నాలుగు మ్యాచ్‌ల ఫిల్మ్ మాత్రమే నీ చేతికిచ్చి, ఏ కాలేజీయో చెప్పకపోతే ఏ రౌండ్ అంటావని. రెండో రౌండ్ అన్నాను. మరి ఇదేంటి అన్నట్టు కాగితం మీద వేలు పెట్టాడు. "మిగతా సమాచారం కూడా లెక్కలోకి రావాలి కదండీ" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. గ్రేడ్ మారలేదు.

తర్వాత ఏమైంది

డ్రాఫ్ట్‌లో రిసీవర్లు పోయిన వరస: కోరీ డేవిస్ 5, మైక్ విలియమ్స్ 7, జాన్ రాస్ 9, జే జోన్స్ 37, కర్టిస్ శామ్యూల్ 40, జూజూ స్మిత్-షూస్టర్ 62. ఏడోవాడు కప్, మూడో రౌండ్‌లో 69వ స్థానం, లాస్ ఏంజెలెస్ రామ్స్. ఆ జట్టుకు అప్పుడే షాన్ మెక్‌వే హెడ్ కోచ్‌గా వచ్చాడు, వయసు 31.

రాస్‌ను సిన్సినాటి బెంగాల్స్ తీసుకుంది. గాయాలు వదలలేదు, మొదటి ఏడాది ఒక్క క్యాచ్ కూడా లేదు. ఎన్ఎఫ్ఎల్‌లో మొత్తం 957 గజాలు. వేగం అబద్ధమని దీన్నిబట్టి చెప్పలేం. మోకాలు, భుజం బాగుంటే కథ వేరేగా ఉండేదేమో.

కప్ మొదటి ఏడాదే 62 క్యాచ్‌లు, 869 గజాలు. 2018 నవంబర్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. 2019లో తిరిగొచ్చి 1,161 గజాలు. 2020లో 974. 2021లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లు, మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం. దీన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు. 2022 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో రామ్స్ 20–16తో వెనకబడి ఉండగా, చివరి డ్రైవ్‌లో, అంటే చివరిసారి బంతితో ముందుకు సాగేటప్పుడు, మళ్లీ మళ్లీ బంతి అతనికే వెళ్లింది. 1 నిమిషం 25 సెకన్లు మిగిలుండగా ఒక గజం నుంచి టచ్‌డౌన్ పట్టాడు. 23–20. ఎదుటి జట్టు సిన్సినాటి.

ఆ రాత్రి మా బావమరిది ఫోన్ చేశాడు. టెక్సస్‌లో ఉంటాడు, తెలుగువాళ్ల ఫ్యాంటసీ లీగ్ నడుపుతాడు. "బావా, 2017లో నిన్నడిగాను గుర్తుందా? వీడు తిన్నగా పరిగెత్తలేడు, వదిలెయ్ అన్నావు." నిజమే, అన్నాను. రిపోర్టులో కూడా అంత మాట రాయలేదు, ఫోన్లో మాత్రం అనేశాను. చుట్టాల దగ్గర ఇంకాస్త తెలిసినట్టు మాట్లాడతాం కదా.

ఎంత తప్పాను?

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దీన్ని దాటేసి "నేను తప్పు, కప్ గొప్ప" అని ముగిస్తే కేసు సగమే చెప్పినట్టు.

2020లో 974 గజాలు, 2021లో 1,947. దాదాపు సరిగ్గా రెట్టింపు. మనిషి అదే, కోచ్ అదే. ఒక సంగతి, సీజన్‌లో మ్యాచ్‌లు 16 నుంచి 17 అయ్యాయి, కప్ అన్నీ ఆడాడు. అసలు సంగతి, క్వార్టర్‌బ్యాక్ మారాడు: జారెడ్ గాఫ్ పోయి డెట్రాయిట్ నుంచి మాథ్యూ స్టాఫర్డ్ వచ్చాడు. గాఫే ఉండి ఉంటే కప్‌ను మనం "మంచి రెండో రిసీవర్" అనేవాళ్లం, నా నాలుగో రౌండ్ గ్రేడ్ ఒకటిన్నర రౌండ్ల తప్పుగా మిగిలిపోయేది. స్టాఫర్డ్ వస్తాడని 2017లో దేవుడికి కూడా తెలియదు.

మెక్‌వే ఆటతీరు కూడా చూడాలి. రామ్స్ రిసీవర్లను అంచుల దగ్గర కాకుండా మధ్యలో ముందు వరసలో నిలబడే లైన్‌మెన్‌కు దగ్గరగా గుంపుగా నిలబెడతారు. దాంతో రిసీవర్‌కు రెండువైపులా దారి ఉంటుంది, ప్రెస్ చేసేవాడికి పట్టు దొరకదు. అక్కడ నిలబడాలంటే తనకన్నా బరువైన డిఫెండర్లను అడ్డుకోవాలి, కప్ అది ఇష్టంగా చేశాడు. అంటే రిలీజ్ మీద నేను రాసిన నిజమైన లోపం, అతను వెళ్లిన చోట లోపం కాకుండా పోయింది. రిసీవర్లను అంచుకు తోసి ఒంటరిగా పరిగెత్తించే జట్టుకు వెళ్లి ఉంటే? అక్కడ నా కాగితం ఇంత చెత్తగా కనిపించకపోను.

కాబట్టి ఫలితాన్ని చూసి మార్కులు వేసుకోవడం మానేశాను. 2017లో నా చేతిలో ఉన్న సమాచారంతో నేనెంత వేయాల్సింది? రెండో రౌండ్ చివర, మూడో రౌండ్ మొదలు. పెద్దాయనకు నేను నోటితో చెప్పిన జవాబుకు దగ్గరగా. ట్రిపుల్ క్రౌన్ రాకపోయినా నా తప్పు తప్పే, వచ్చినందువల్ల పెద్దదైపోలేదు.

మార్చిన ఫారం

2019లో కప్ తిరిగొచ్చి ఆడుతున్నప్పుడు పాత రిపోర్టు తీశాను. మూడు గడుల పక్కన పెన్సిల్‌తో "అయితే ఏమవుతుందని భయం?" అని రాసుకుంటూ పోయాను. మూడుచోట్లా ఒకే వాక్యం వచ్చేసరికి నవ్వొచ్చింది, తర్వాత కడుపులో తిప్పింది.

అప్పట్నుంచి ఫారంలో "స్థాయి, వేగం, వయసు" అనే గడులు తీసేశాను. వాటి బదులు భయాలు రాస్తాను. "ప్రెస్‌ను దాటలేడేమో." "ఎడం రాదేమో." "ఒళ్లు నిలవదేమో." ఒక్కో భయం కింద దానికి అనుకూలంగా ఉన్న సాక్ష్యాలన్నీ, వ్యతిరేకంగా ఉన్నవన్నీ చేరుస్తాను. 4.62, బిగ్ స్కై, 24 ఏళ్లు అన్నీ ఒకే భయం కింద ఒకవైపు. ఎదురుగా నాలుగు పాక్-12 మ్యాచ్‌లు, 6.75, ముగ్గురు క్వార్టర్‌బ్యాకులు. అప్పుడొక్కసారే కోస్తాను. ఇంకో నియమం: భయాన్ని నేరుగా పరీక్షించిన సాక్ష్యం ఉంటే అది ముందు, మిగతావి దాని వెనక.

ఇలా చేశాక అంతా బాగుపడిందా? లేదు. తర్వాతి రెండేళ్లలో నెమ్మదైన, వయసు మీరిన, చిన్న కాలేజీ రిసీవర్లందరిలోనూ నాకు కప్ కనిపించడం మొదలైంది. ఒక కుర్రాడికి మూడో రౌండ్ వేశాను. రూట్లు ముచ్చటగా ఉండేవి. పెద్ద జట్ల మీద రెండు మ్యాచ్‌లాడాడు, రెండూ బాగా ఆడాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఒక జట్టు శిక్షణ శిబిరంలో మూడు వారాలుండి వచ్చేశాడు. ఆ ఏజెంటు ఇప్పుడు మా దగ్గర రిపోర్టులు తీసుకోడు. రెండు మ్యాచ్‌లకు, నాలుగు మ్యాచ్‌లకు ఉన్న తేడాను నా ఉత్సాహం మింగేసింది. పెద్దాయన దానికి పేరు కూడా పెట్టాడు, కప్ ఎంగిలి అనే అర్థం వచ్చేలా, ఇంగ్లీషులో ఇంకాస్త మొరటుగా.

2023లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ నుంచి పుకా నకువా వచ్చాడు. కొత్త ఫారంలో అతని మీద పెద్ద భయం ఒక్కటే: ఒళ్లు. చివరి సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌లే ఆడాడు. ఒక్క భయమే కాబట్టి ఒక్కసారే కోశాను, కానీ లోతుగా కోశాను, అయిదో రౌండ్. రామ్స్ అతన్ని అయిదో రౌండ్‌లోనే 177వ స్థానంలో తీసుకుంది. ఈసారి నా గ్రేడు, జట్టు తీసుకున్న రౌండూ ఒకటే, ఏజెంట్ల లెక్కలో నేను గెలిచినట్టు. ఆ ఏడాది నకువా 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ల రికార్డులు రెండూ బద్దలు కొట్టాడు. మళ్లీ అదే జట్టు, అదే కోచ్, అదే క్వార్టర్‌బ్యాక్, అదే ఇరుకు వరస.

మా బావమరిది ఈసారి నన్ను అడగలేదు. సొంతంగా తీసుకున్నాడు.

పెద్దాయన రిటైరయ్యే ముందు నా ఫారం చూసి, అడుగున ఇంకో గడి గీసి ఇచ్చాడు: "ఏ జట్టుకు వెళ్తే?" డ్రాఫ్ట్‌కు ముందు అదెలా తెలుస్తుందని అడిగాను. తెలియదు, అయినా రాయమన్నాడు. ఆ గడిని ప్రతి రిపోర్టులోనూ ఉంచుతున్నాను. సగానికి పైగా రిపోర్టుల్లో అది ఖాళీగానే వెళ్తోంది.